గిన్నె దగ్గర గుర్రుమనే కుక్కను మార్చడం ఎలా?

తింటున్నప్పుడు దగ్గరికి వెళ్తే కుక్క గుర్రుమంటోందని చెప్పి చూడండి, చుట్టుపక్కల అందరిదీ ఒకటే సలహా: "గిన్నెలో చెయ్యి పెట్టి అలవాటు చెయ్యి, యజమాని ఎవరో దానికి తెలియాలి." దయచేసి ఆ పని చెయ్యకండి. మీరు భోంచేస్తుంటే ఎవరో రోజూ వచ్చి మీ కంచంలో చెయ్యి పెట్టి కెలికితే నాలుగో రోజుకు మీరూ గుర్రుమంటారు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలావరకు ఇలా "అలవాటు చేసి" చెడగొట్టినవే.

ముందు వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి. నిన్నటిదాకా లేని గుర్రు ఇవాళ మొదలైతే పంటినొప్పో, చెవిలో ఇన్ఫెక్షనో, కీళ్ల నొప్పో ఉండొచ్చు. నొప్పితో ఉన్న కుక్కకు ఏ ట్రైనింగూ ఎక్కదు.

కావలసినవి తక్కువే. జారని బరువైన గిన్నె ఒకటి. తేలికపాటి స్టీలు గిన్నె అసలు వద్దు, మూతి తగిలినప్పుడల్లా గదంతా తిరుగుతుంది, దాని వెనకాల కుక్క తిరుగుతుంది. ఉప్పు, మసాలా, ఉల్లిపాయ లేకుండా ఉడికించి ఎముకలు తీసేసిన చికెన్, గోరంత ముక్కలుగా. బిస్కెట్లు పనికిరావు. గిన్నెలో ఉన్నదానికంటే మీ చేతిలో ఉన్నది రుచిగా ఉండాలి, పద్ధతంతా దానిమీదే నడుస్తుంది.

మొదటి వారం ఏమీ చేయొద్దు. ఎవరూ అటూ ఇటూ తిరగని మూలలో గిన్నె పెట్టి వచ్చేయండి. పిల్లలుంటే తలుపు వేయండి. తిని బయటికి వచ్చాకే గిన్నె తీయండి.

ఇక అసలు పని. అందరూ తప్పు చేసేది ఇక్కడే, అదీ తొందరపడి.

కుక్క తింటుండగా దూరం నుంచి నడుస్తూ వెళ్లండి. ఎంత దూరం అంటే, మీరు కనిపించినా అది మామూలుగా తింటూ ఉండేంత. కొన్ని కుక్కలకు అది ఆరడుగులు, కొన్నిటికి గది అవతలి గుమ్మం. ఆ దూరం కనుక్కోవడానికి గుర్రు వినిపించేదాకా ఆగితే మీరు అప్పటికే గీత దాటేశారు. అంతకుముందే కుక్క చాలా చెబుతుంది. నమలడం ఆపి ఒళ్లు బిగపట్టుకుంటుంది. తల గిన్నెలోకి ఇంకా వంచుతుంది. ఉన్నట్టుండి గబగబా మింగుతుంది. తల కదపకుండా కంటికొసల నుంచి చూస్తుంది, అప్పుడు కంట్లో తెల్లగుడ్డు బయటపడుతుంది. వీటిలో ఏది కనిపించినా రెండడుగులు వెనక్కి.

సరైన దూరంలో ఉన్నారా? పక్కగా, కాస్త వంపు తిరుగుతూ నడవండి. నేరుగా ఎదురెళ్లొద్దు, కళ్లలోకి చూడొద్దు, వంగొద్దు, పిలవొద్దు. గిన్నె వైపు ఒక చికెన్ ముక్క విసిరి, ఆగకుండా వెళ్లిపోండి. ముందు మీరు కనిపించాలి, తర్వాత ముక్క పడాలి. ఈ వరస తారుమారైతే ముక్క పడ్డ ప్రతిసారీ వెనకాల మనిషి వస్తున్నాడని కుక్క కంగారుపడుతుంది. ఒక భోజనానికి నాలుగైదుసార్లు చాలు. అదీ ఉదయం భోజనానికే. రాత్రి మీరూ అలిసిపోయి ఉంటారు, చెయ్యి తొందరపడుతుంది.

దూరం ఎప్పుడు తగ్గించాలి? కుక్క నోరు మూసుకుని ఉన్నప్పుడు కాదు. బిగుసుకుపోయిన కుక్క కూడా నిశ్శబ్దంగానే ఉంటుంది. మిమ్మల్ని చూడగానే ఒళ్లు వదులు చేసి, తలెత్తి, "ఏదీ నా ముక్క?" అన్నట్టు తోక ఊపాలి. వరసగా కొన్ని రోజులు అలా చేస్తే అర అడుగు తగ్గించండి. అర అడుగే. బాగా నడుస్తోంది కదా అని ఒక్కరోజులో గిన్నె దాకా వెళ్లినవాళ్లు మళ్లీ గుమ్మం దగ్గర మొదలుపెట్టాల్సి వచ్చింది.

పొరపాటున గుర్రుమంటే తిట్టకండి, కొట్టకండి. మీ అడుగులు ఆపి, నెమ్మదిగా వెనక్కి వెళ్లండి. గుర్రు ఒక హెచ్చరిక. దాన్ని దెబ్బలతో మాన్పిస్తే భయం అలాగే ఉంటుంది, హెచ్చరిక మాత్రం పోతుంది. "ఏమీ అనకుండానే కరిచేసింది" అని చెప్పుకునే కుక్కల్లో చాలావాటికి గుర్రుమనడం మానేలా ఎవరో నేర్పించారు.

ఇక్కడ ఎవరో ఒకరు "మంద నాయకుడు" సంగతి ఎత్తుతారు, అంటే తోడేళ్ల మందలో నాయకుడిలా యజమాని కుక్కను అణిచి ఉంచాలని. ఆ ఆలోచనకు మూలం 1947లో జంతువుల ప్రవర్తనను పరిశీలించే రుడాల్ఫ్ షెంకెల్ బంధించి ఉంచిన తోడేళ్ల మీద చేసిన పరిశీలన. దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చినవారిలో ఒకరైన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ తానే 1999లో దాన్ని సరిదిద్దారు. అడవిలో తోడేళ్ల మంద అంటే సాధారణంగా తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని రాశారు. అయినా కుక్కను వెల్లకిలా పడేసి అదిమిపెట్టే ట్రైనర్లు ఇంకా ఉన్నారు. అలాంటివాళ్లకు డబ్బులిచ్చి మరీ కుక్కను పాడుచేసుకోకండి.

గిన్నె పక్కదాకా వచ్చాక మిగతాదంతా తేలిక. ముక్కను చేత్తో గిన్నెలో వేసి వెళ్లండి, అక్కడితో ఆపేయండి. గిన్నె ఎత్తి చూపించాలనే సరదా ఎందుకో నాకు అర్థం కాదు. బొమ్మల విషయంలోనూ లాక్కోవడం ఉండకూడదు, మార్పిడే. ముక్క ముక్కు ముందు పెట్టి "వదులు" అనండి, వదిలాక ముక్క ఇచ్చి బొమ్మ కూడా తిరిగి ఇచ్చేయండి.

మీతో కుదిరింది కదా అని ఇంట్లో అందరితో కుదిరినట్టు కాదు. పెద్దవాళ్లలో ప్రతి ఒక్కరూ మొదటి దూరం నుంచే మొదలుపెట్టాలి. పిల్లలతో ఈ ట్రైనింగ్ చేయించొద్దు. రెండు కుక్కలుంటే ఎప్పటికీ వేరువేరు గదుల్లోనే తిండి.

కూనను తెచ్చుకున్నవాళ్లది అదృష్టం. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా కూనలు కొత్తవాటిని తేలిగ్గా ఒప్పుకుంటాయి. అది తింటుండగా అప్పుడప్పుడు వెళ్లి గిన్నెలో ఒక ముక్క వేసి వచ్చేస్తే చాలు.

ఇప్పటికే పళ్లు దిగేలా కరిచిన కుక్క అయితే ఈ వ్యాసంతో మొదలుపెట్టకండి, కుక్కల ప్రవర్తన తెలిసిన పశువైద్యుల దగ్గరికి వెళ్లండి. కరిస్తే గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టర్‌ని కలిసి రేబిస్ టీకా సంగతి అడగండి, కరిచింది మీ సొంత కుక్కే అయినా సరే.