ఎండాకాలంలో గుడ్లు ఉడకేసే ముందు: పెంకు సాఫీగా రావడానికి, గుడ్డు పాడవకుండా ఉండటానికి

ఉగాది దాటితే చాలు, నెల్లూరు, ఒంగోలు వైపు ఎండలు ముదురుతాయి. మే నెలలో 42, 43 డిగ్రీలు మనకు కొత్త కాదు. ఈ రోజుల్లో కోడిగుడ్డుతో రెండు చిక్కులు. మొదటిది అందరికీ కనపడేదే. ఉడికిన గుడ్డు ఒలుస్తుంటే తెల్లసొన పెంకుతో పాటు ముక్కలుగా ఊడొచ్చి, కూరలో వేయడానికి పనికిరాకుండా పోతుంది. రెండోది పైకి కనపడదు. ఈ వేడికి గుడ్డు మనం అనుకున్నదానికన్నా ముందే పాడైపోతుంది.

మొదటి చిక్కుకు పెద్దవాళ్లు చెప్పే ఉపాయం, "నాలుగైదు రోజులు నిలవున్న గుడ్లు ఉడకేయి, పెంకు అదే వస్తుంది" అని. ఆ మాట నిజమే. కానీ అది చలికాలానికి సరిపోయే మాట. మే నెలలో ట్రే గుడ్లు తెచ్చి వంటింటి మూలన నాలుగు రోజులు ఉంచితే, పెంకు సులువుగా వస్తుందేమో గానీ లోపల గుడ్డు ఎలా ఉంటుందో చెప్పలేం. అందుకే ఈ మూడు నెలలూ గుడ్డు పాతబడేదాకా ఆగొద్దు. తాజా గుడ్డునే తీసుకుని, ఉడికించే పద్ధతి మార్చండి. పెంకు వస్తుంది, భయమూ ఉండదు.

పద్ధతి ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే చేయడం తేలిక. పెంకు కింద పలచటి పొర ఉంటుంది. అప్పుడే పెట్టిన గుడ్డులో తెల్లసొనకు క్షారగుణం తక్కువ. అలాంటి తెల్లసొన ఉడికేటప్పుడు ఆ పొరను గట్టిగా పట్టుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ పెంకులోని సన్నటి రంధ్రాల గుండా కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, సొనలో క్షారగుణం పెరుగుతుంది, పట్టు సడలుతుంది. ఇంట్లో నాటుకోడి పొద్దున పెట్టిన గుడ్డు మధ్యాహ్నం ఉడకేస్తే ఒలవలేక అవస్థ పడేది ఇందుకే.

ఇక వేడి సంగతి. చన్నీళ్లలో గుడ్లు వేసి పొయ్యి మీద పెడితే తెల్లసొన మెల్లగా వేడెక్కుతూ పొరకు అతుక్కుంటుంది. అదే మరుగుతున్న నీళ్లలో వేస్తే, బయటి అంచు ఒక్కసారిగా గట్టిపడి పొరను వదిలేస్తుంది. గుడ్డు తాజాదైనా సరే. నా దృష్టిలో ఉప్పు, వెనిగర్, వంటసోడా లాంటి చిట్కాలన్నిటికన్నా ఈ ఒక్క మార్పే ఎక్కువ పని చేస్తుంది. ఉప్పు, వెనిగర్ వేస్తే గుడ్డు పగిలినప్పుడు కారే సొన త్వరగా గడ్డకడుతుంది. పెంకు రావడానికి వాటి సాయం పెద్దగా ఉండదు.

కొనేటప్పటి నుంచే జాగ్రత్త మొదలవ్వాలి. అంగడి ముందు ఎండలో పేర్చిన ట్రేల నుంచి తీసుకోకండి. లోపల నీడన ఉన్నవి అడగండి. బీట ఇచ్చినవి తీసుకోవద్దు, రెండు రూపాయలు తగ్గించి ఇస్తానన్నా సరే. ఇంటికి తెచ్చాక కడిగి దాచడం చాలామందికి అలవాటు. పెంకు మీద సహజంగా ఉండే పూత ఆ కడుగుడుకి పోతుంది, తడితో పాటు సూక్ష్మక్రిములు లోపలికి దిగే వీలు ఏర్పడుతుంది. మురికి ఉంటే పొడిగుడ్డతో తుడిచి పెట్టండి, ఉడకేసే ముందు మాత్రమే కడగండి. ఫ్రిజ్ లేనివాళ్లు ఒక్క రోజుకి, మహా అయితే రెండు రోజులకి సరిపడా తెచ్చుకుంటే మేలు. బియ్యంలో గుచ్చి పెట్టిన గుడ్డు కదలకుండా ఉంటుందే గానీ చల్లగా ఉండదు.

అనుమానం ఉన్న గుడ్డును గిన్నెడు నీళ్లలో వేసి చూడండి. అడుగున అడ్డంగా పడుకుంటే తాజాది. నిలబడితే వయసు అయింది. తేలితే పారేయడమే మంచిది. ఇది వయసు చెప్పే పరీక్షే, గుడ్డు మంచిదని పూర్తి హామీ కాదు. ఉడికించి ఒలిచాక వాసన తేడాగా ఉన్నా పడేయండి.

ఇంట్లో ఆరేడు గుడ్లకు ఇలా చేయండి. ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట బయట ఉంచండి, లేకపోతే వేడినీళ్లు తగలగానే పగలొచ్చు. ఈలోపు పైకి చెమట పడుతుంది. అలా చెమట పట్టినవాటిని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకుండా వండేయాలి. తర్వాత గుడ్లు వేస్తే అవి మునిగి, పైన అంగుళం ఉండేలా గిన్నెలో నీళ్లు పోసి బాగా తెర్లనివ్వండి. మంట కాస్త తగ్గించి చిల్లుల గరిటెతో గుడ్లు ఒక్కొక్కటిగా దించండి. చేత్తో పైనుంచి వదిలితే గుడ్డూ పగులుతుంది, నీళ్లు చిందుతాయి కూడా. సన్నగా తెర్లే మంట మీద 11 నుంచి 12 నిమిషాలు. అంతకు మించి ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం వస్తుంది. తెల్లసొనలోని గంధకం పచ్చసొనలోని ఇనుముతో కలవడం వల్ల వచ్చేదది. హాని లేదు, రుచి, వాసన మాత్రం కొంత చెడతాయి.

ఆవిరి మీద ఉడికించడం ఇంకా మంచి పద్ధతి. ఇడ్లీ పాత్ర ఉన్న ప్రతి ఇంట్లోనూ వీలవుతుంది. అడుగున నీళ్లు మరిగి ఆవిరి బాగా వచ్చాక, ఇడ్లీ గుంటల్లో గుడ్లు పెట్టి మూత వేసి 12, 13 నిమిషాలు ఉంచితే చాలు. గుంటలో గుడ్డు కదలదు కాబట్టి పగలదు. నీళ్లు తక్కువ పడతాయి, గ్యాస్ కూడా కలిసొస్తుంది. మూత తీసేటప్పుడు మొహం పక్కకు పెట్టుకోండి, మూతను అవతలివైపు నుంచి ఎత్తండి. ఆవిరి చేతికి తగిలితే వేడినీళ్ల కన్నా లోతుగా కాలుతుంది.

ఫంక్షన్లకి, అంగన్వాడీల్లో, ఒంటిపూట బడుల భోజనానికి వందల్లో ఉడకేసేవాళ్ల పని వేరు. అక్కడ జరిగే పొరపాటు ఏమంటే, మరిగే నీళ్లలోనే వేస్తారు గానీ నాలుగు ట్రేలు ఒకేసారి వేస్తారు. అన్ని గుడ్లు పడేసరికి నీళ్లు ఒక్కసారిగా చల్లబడతాయి. మళ్లీ తెర్లడానికి పది నిమిషాలు పడితే, చన్నీళ్లలో వేసినట్టే లెక్క. అందుకే వాయిలుగా వేయాలి. గుడ్లు వేశాక రెండు మూడు నిమిషాల్లో మళ్లీ తెర్లగలిగినన్ని మాత్రమే ఒక వాయికి. తెర్లు మళ్లీ మొదలైన దగ్గర్నుంచి 10 నిమిషాలు లెక్కపెట్టండి. గుడ్లను వల బుట్టలో గానీ, శుభ్రమైన పలచటి గుడ్డలో మూటగా కట్టి గానీ దించితే ఒకేసారి తీయొచ్చు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మరిగే నీళ్లున్న పెద్ద గిన్నెను ఇద్దరు పట్టుకుని ఎత్తి వంచొద్దు. చెంగు తగులుకున్నా, కాలు జారినా ఒళ్లంతా కాలుతుంది. గుడ్లనే బయటికి తీసి, నీళ్లను పొయ్యి మీదే చల్లారనివ్వండి. పిల్లల్ని ఆ దరిదాపుల్లోకి రానివ్వకండి.

ఇప్పుడు చల్లార్చే సంగతి. మన దగ్గర ఎండాకాలంలో అసలు కష్టం ఇక్కడే ఉంది. "ఉడికిన వెంటనే చన్నీళ్లలో వేయండి" అని అందరూ చెబుతారు. మధ్యాహ్నం పన్నెండింటికి మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చన్నీళ్లా? చేయి పెట్టలేం. ఆ నీళ్లలో గుడ్డు చల్లారదు, లోపల ఉడుకుతూనే ఉంటుంది, పెంకూ వదలదు. చల్లారడం వల్ల లోపలి గుడ్డు కొంచెం ముడుచుకుని పొర నుంచి విడివడుతుంది, అలా ముడుచుకోవడం కోసమే చన్నీళ్లు. కాబట్టి ముందు రోజు రాత్రే నీళ్లు పట్టి కుండలో ఉంచుకోండి, లేదా ఫ్రిజ్‌లో ఐస్ ట్రేలు నింపుకోండి. గుడ్లు వేశాక నీళ్లు గోరువెచ్చన అయితే పారబోసి మళ్లీ చల్లవి పోయండి. కనీసం పది నిమిషాలు అలా ఉండాలి.

ఎక్కువ గుడ్లకు ఐస్ గడ్డ కొనాల్సి వస్తే ఇంకో జాగ్రత్త. కొత్తపట్నం, కృష్ణపట్నం లాంటి తీరం ఊళ్లలో చేపల కోసం తెచ్చే ఐస్ సులువుగా దొరుకుతుంది. అది తాగే నీళ్లతో చేసిందని నమ్మొద్దు. వేడి గుడ్డు చల్లారుతూ రంధ్రాల నుంచీ, బీటల నుంచీ చుట్టూ ఉన్న నీళ్లను కొంచెం లోపలికి పీలుస్తుంది. ఆ నీళ్లు మంచివి కాకపోతే ఉడకేసిన ఫలితం పోయినట్టే. చేపల ఐస్‌ను పెద్ద తొట్టిలో వేసి, దాని మధ్యలో మంచినీళ్లు, గుడ్లు ఉన్న గిన్నె కూర్చోబెట్టండి. కాస్త ఆలస్యమైనా అదే క్షేమం.

ఒలిచేటప్పుడు గుడ్డు లావుపాటి కొన దగ్గర తట్టండి. గాలి గది ఉండేది అక్కడే, పొర కిందికి వేలు దూరడానికి చోటు దొరుకుతుంది. తర్వాత అరచేతి కింద మెల్లగా దొర్లించి పెంకంతా నెరలిచ్చేలా చేసి, నీళ్లలో ముంచి ఒలవండి. పొర పెంకుతో పాటు రావాలి. పొర మీదే ఉండి పెంకు మాత్రం వస్తుంటే, నెరలిచ్చిన గుడ్డును ఐదు నిమిషాలు నీళ్లలో వదిలేయండి, నీళ్లు పొర కిందికి చేరతాయి.

ఒలిచిన గుడ్లు నూనెలో వేయించి పులుసులో వేయడం మన అలవాటు. ఇక్కడ చాలామందికి చేతులు కాలుతుంటాయి. గుడ్డును ముందు పొడిగుడ్డతో తడి లేకుండా తుడవండి, చాకుతో నాలుగు వైపులా గాట్లు పెట్టండి. గాటు లేని గుడ్డు లోపల ఆవిరి పట్టి నూనెలో టప్పున పేలుతుంది. ఉడికిన గుడ్డును మైక్రోవేవ్ ఓవెన్‌లో వేడి చేయొద్దు. అది బయటికి తీశాక, కొరికినప్పుడు కూడా పేలే ప్రమాదం ఉంది.

ఉడికింది కదా, నిలవుంటుందిలే అనుకోవడం పొరపాటు. పచ్చి గుడ్డు కన్నా ఉడికిన గుడ్డే త్వరగా పాడవుతుంది. 32 డిగ్రీలు దాటిన వేడిలో ఒక గంటకు మించి బయట ఉంచకూడదు. ఆ లెక్కన ఏప్రిల్, మే నెలల్లో మన వంటిల్లు పగలంతా ఆ గీత దాటే ఉంటుంది. ఫ్రిజ్ ఉంటే పొద్దున్నే చల్లపూట ఉడకేసి, ఒలవకుండా మూత డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. వారం లోపు తినేయాలి. కరెంటు పోయి ఫ్రిజ్ చాలాసేపు ఆగిపోయి, లోపల చల్లదనం పోతే వాటిని నమ్ముకోవద్దు. ఫ్రిజ్ లేకపోతే భోజనానికి కాసేపటి ముందే ఉడకేసుకోండి.

పసిపిల్లలకి, గర్భిణులకి, ముసలివాళ్లకి ఈ కాలంలో సగం ఉడికిన గుడ్డు పెట్టకండి. పచ్చసొన పూర్తిగా గట్టిపడితేనే సాల్మొనెల్లా లాంటి క్రిములు చచ్చిపోతాయి. పసిపిల్లలకి పచ్చసొనను పొడిగా ఇవ్వకుండా అన్నంలోనో పాలలోనో మెదిపి పెట్టండి, గొంతుకు అడ్డం పడదు.

ఊరికి బస్సులో గుడ్లు తీసుకెళ్లే అలవాటు ఉన్నవాళ్లు ఈ మూడు నెలలూ మానుకోవడం మంచిది. కనిగిరి నుంచి హైదరాబాద్ దాకా రాత్రంతా వేడి బ్యాగులో ఉన్న గుడ్డు, పెంకుతో ఉన్నా సరే, పొద్దున పిల్లలకి పెట్టదగ్గది కాదు.