కాలేజీ పిల్లలకి సెకండ్ హ్యాండ్ స్కూటీ ఎలా చూసి కొనాలి?

పిల్లల కోసం పాత బండి చూడ్డానికి నన్ను వెంట తీసుకెళ్లే చుట్టాలందరిదీ ఒకటే వరస. రంగు చూస్తారు, సెల్ఫ్ కొడతారు, ఎక్సలేటర్ ఒకసారి బర్రున లాగి "ఇంజన్ స్మూత్‌గా ఉంది కదా బావా" అంటారు. ఇంజన్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. స్కూటీ ఇంజన్ పాడైతే బోరు చేయించి, పిస్టన్ మార్పించి మళ్లీ నడుపుకోవచ్చు. పోయేది డబ్బే. ఎక్కడో గుద్దుకుని చాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం, వంగిన బండి అలా కాదు. దాన్ని ఏ మెకానిక్కూ మళ్లీ కంపెనీలో వచ్చినట్టు చేయలేడు, నడపడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లకి అది తెలియదు కూడా. అందుకే గుద్దుకున్న బండిని ఎలా పట్టుకోవాలో వివరంగా చెప్తాను. మిగతావి గబగబా.

వయసు, బండి రకం

18 నిండి లైసెన్స్ చేతికి వచ్చేదాకా బండి వెతకొద్దు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక, మైనర్ బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రుల మీద, ఓనర్ మీద కేసు పడుతుంది. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. "16కే లైసెన్స్ ఇస్తారుగా" అని ఎవరో ఒకరు అంటారు. అది 50 సీసీ లోపు గేర్లేని బండికి. యాక్టివా దానికి రెట్టింపు పైనే.

110 సీసీ స్కూటీ చాలు. యాక్టివా, జూపిటర్, ఈ రెండిట్లో ఒకటి. మండల కేంద్రంలో కూడా సామాన్లు దొరుకుతాయి. 125 అడుగుతారు పిల్లలు, వద్దనండి. 2019 ఏప్రిల్ తర్వాత తయారైన బండే చూడండి. అప్పటి నుంచి 125 సీసీ దాకా కొత్త బండ్లకి కంబైన్డ్ బ్రేక్ తప్పనిసరి, ఎడమ బ్రేకు పట్టుకుంటే ముందు చక్రానికీ పడుతుంది. కొత్తవాళ్లు కంగారులో పట్టుకునేది ఒక్క బ్రేకే మరి. ఇంకో పదివేలు పెట్టగలిగితే 2020లో వచ్చిన యాక్టివా 6జీ తీసుకోండి. ముందు చక్రం 10 అంగుళాల నుంచి 12కి పెరిగింది, ముందువైపు టెలిస్కోపిక్ ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టి ఉంచి కుదుపులు తగ్గించే గొట్టాలు) వచ్చాయి. మన రోడ్ల గుంతల్లో ఆ రెండంగుళాల తేడా బాగా తెలుస్తుంది. జూపిటర్‌కి ఇవి ముందు నుంచే ఉన్నాయి. కార్బొరేటర్ బండి అయితే ఎవరైనా బాగుచేస్తారంటూ పాతది కొనమనే మెకానిక్కులుంటారు. వాళ్లకి వాళ్ల పని తేలిక కావాలి, మీకు బ్రేకు కావాలి.

ఎక్కడ కొనాలి

ఓనర్ ఇంటి దగ్గరే. ఆటో కన్సల్టెన్సీల్లో నేను కొనను. అక్కడికొచ్చిన బండికి ముందు పాలిష్, కొత్త సీటు కవరు, కొత్త స్టిక్కర్లు పడతాయి. మనం చూడాల్సినవన్నీ వాటి వెనక్కి పోతాయి. ఇంటి దగ్గరైతే బండి నీడలో ఉంటోందో ఎండలో ఉంటోందో కనిపిస్తుంది, సర్వీసు బిల్లులు అడగొచ్చు. "సింగిల్ హ్యాండ్, షోరూం కండిషన్" అన్న మాటల్ని పట్టించుకోకండి.

పొద్దున్నే వెళ్లండి, స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పండి. ఇంజన్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. స్టార్ట్ చేశాక నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ తాగుతోందని. మీటరు పన్నెండు వేలు చూపిస్తూ హ్యాండిల్ గ్రిప్పులు నున్నగా అరిగిపోయి ఉంటే మీటరు తిప్పినట్టే లెక్క. ఇంజన్ సంగతి ఇంతటితో సరి.

గుద్దుకున్న బండిని పట్టుకోవడం

ముందు ఫ్లోర్ మ్యాట్ తీయించండి. ముందువైపు స్టీలు గార్డు ఉంటే దాని వెనక కూడా చూడాలి. వంగిన గార్డుని మార్చేస్తారు కానీ, ఆ దెబ్బ పడిన చోటుని ఎవరూ మార్చరు. తర్వాత ఫోను టార్చి వేసి ఫ్లోర్ కిందికి వంగి చూడండి. వంగడానికి మొహమాటపడితే ఫోను కింద పెట్టి వీడియో తీయండి. అక్కడ వెల్డింగులు కనిపిస్తాయి. కంపెనీ వెల్డింగు అంతా ఒకే వరసలో సమానంగా ఉంటుంది. రోడ్డు పక్క చేసింది ముద్దముద్దగా ఉండి, దాని మీద నల్లరంగు కొట్టి ఉంటుంది. ఇనుప గొట్టం మీద ఒక చోట మాత్రమే కొత్త రంగు కనిపించిందంటే ఇంక బేరం ఆడొద్దు, "ఫోన్ చేస్తామండీ" అని వచ్చేయండి.

తర్వాత సెంటర్ స్టాండు వేసి, వెనకవైపు కొంచెం నొక్కి ముందు చక్రం గాల్లోకి లేపండి. హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి మెల్లగా తిప్పండి. మధ్యలోకి వచ్చేసరికి టక్కుమని ఆగినట్టు ఉంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) పోయింది. అది చిన్న ఖర్చే, భయపడక్కర్లేదు. కానీ రెండు వైపులా చివర ఆగే చోట చూడండి. అక్కడి ఇనుప మొన ఒక వైపు నలిగి ఉందంటే హ్యాండిల్ ఎప్పుడో బలంగా మెలి తిరిగింది. చక్రం తిన్నగా ఉన్నప్పుడు హ్యాండిల్ కూడా తిన్నగా ఉండాలి.

ఇప్పుడు ఎక్కువమంది చెడగొట్టే పని. "రోడ్డు మీద రెండు చేతులూ వదిలేసి చూడు, ఒక పక్కకి లాగితే చాసిస్ పోయినట్టు" అని చెప్తుంటారు. దయచేసి అలా చేయొద్దు. పరాయి బండి, దాని బ్రేకులు మీకు తెలియవు. పైగా టైరు ఒక వైపు అరిగినా, గాలి తగ్గినా మంచి బండి కూడా చేతులు వదిలితే ఊగుతుంది. అంటే ప్రాణం మీదికి తెచ్చుకుని కూడా నిజం తెలియదు.

బిందెడు నీళ్లు చాలు. సిమెంటు నేల మీద ఒక చోట పోసి, రెండు చక్రాలూ తడిసేలా బండిని అందులోంచి తిన్నగా ముందుకి నెట్టండి. ఎక్కి నడపొద్దు, నెట్టాలి, హ్యాండిల్ కదలకుండా ఇద్దరు పట్టుకుంటే మేలు. పొడి నేల మీద పడ్డ చారలు చూడండి. యాక్టివా 6జీకీ జూపిటర్‌కీ ముందు, వెనక టైర్ల వెడల్పు ఒకటే, 90 మిల్లీమీటర్లు. కాబట్టి వెనక చార ముందు చార మీదే పడాలి. రెండూ పక్కపక్కనే కనిపిస్తే చాసిస్ గానీ ఫోర్కు గానీ వంగింది. ఒకసారి అలా వస్తే నమ్మొద్దు, హ్యాండిల్ కదిలి ఉండొచ్చు. మూడుసార్లు నెట్టి చూసి, మూడుసార్లూ ఒకే వైపుకి పోతే నమ్మండి. ఓనర్ "అది బుష్షులండీ, మారిస్తే పోతుంది" అనొచ్చు (ఇంజన్ చాసిస్‌కి కలిసే చోట ఉండే రబ్బరు ముక్కలు). కొన్నిసార్లు అది నిజమే కూడా. అయితే బుష్షులు మార్చి చూపించమనండి, తర్వాతే డబ్బు.

చివరగా, ఓనర్‌ని ఎక్కించి ముప్పై స్పీడులో తిన్నగా వెళ్లమని, మీరు ఇంకో బండి మీద వెనకే వెళ్లండి. వెనక నుంచి చూస్తే రెండు చక్రాలూ ఒకే గీత మీద వెళ్లాలి.

విజయవాడలో 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు, హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వరదల్లో వేల బండ్లు మునిగాయి. అవన్నీ తుక్కు కిందికి పోలేదు. డిక్కీ మూలల్లో ఎండిన బురద, మీటరు అద్దం లోపల మచ్చలు ఉన్నాయేమో చూసుకోండి.

కాగితాలు

ఎంపరివాహన్ అనే రవాణా శాఖ యాప్‌లో నంబరు కొట్టి ఓనర్ పేరు, ఫైనాన్స్, ఇన్సూరెన్స్ చూడండి. చలాన్లు ఉంటే ఓనరే కట్టాలి. ఇంజన్, చాసిస్ నంబర్లు ఆర్‌సీతో సరిపోవాలి. లోన్ ఉంటే అది తీరిపోయిందని బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఆర్‌సీలోంచి లోన్ తీయించే ఫారం 35 చేతికి వచ్చాకే బేరం. ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించి బీరువాలో దాచుకోవడం కాదు, కొన్న నెలలోపు మీ పేరు మీదకి మార్పించాలి. ఇన్సూరెన్స్ మార్పుకి 14 రోజులే గడువు. ఆంధ్రా బండి తెలంగాణలో వాడాలన్నా, తెలంగాణ బండి ఆంధ్రాలో వాడాలన్నా, ఆర్టీఓ ఎన్ఓసీతో పాటు టాక్సు ఖర్చు కూడా లెక్కేసుకోండి.

తాళం ఇచ్చే ముందు

ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, రెండు వైపులా బ్రేక్ షూలు మార్పించండి, "బాగానే ఉన్నాయి" అన్నా సరే. డ్రైవ్ బెల్టు ఎప్పుడు మార్చారో తెలియకపోతే అదీ మార్చేయండి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఐదేళ్లు దాటిన టైరు గీతలు ఎంత బాగున్నా తీసేయాల్సిందే, వాన పడ్డ రోజు అది పట్టదు. ఐఎస్ఐ హెల్మెట్లు రెండు కొనండి, వెనక ఎక్కే ఫ్రెండు ఇంటి నుంచి తెచ్చుకోరు.