గుర్రపు స్వారీ పాఠాలు – 4: రికాబులు లేని మూడు రోజులు

పోయిన భాగంలో జీను వేసి, పొట్ట కింది పట్టీ బిగించడం వరకు వచ్చాం. ఇప్పుడు ఎక్కుదాం. అయితే ఈ పాఠంలో పగ్గాలు మీ చేతికి రావు, కాళ్లు రికాబుల్లో (జీనుకి వేలాడే, పాదం పెట్టే కడియాల్లో) ఉండవు. పోర్చుగల్‌లో నేను వారం రోజులు ఉండి నేర్చుకున్నప్పుడు మొదటి మూడు రోజులూ ఇలాగే గడిచాయి. నాలుగేళ్లుగా స్వారీ చేస్తున్నానని చెప్పినా వాళ్లు ఆ పద్ధతి మార్చలేదు. మార్చకపోవడమే మంచిదైంది.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మన సామెత. నేను మొదట స్వారీ నేర్చుకున్న చోట దాన్నే పాఠంగా చెప్పేవారు. కదలకపోతే మడమతో తన్నాలి, ఆగకపోతే పగ్గం లాగాలి, పెత్తనం ఎవరిదో దానికి తెలిసిరావాలి. అలా ఆపితే గుర్రం ఆగుతుంది, నిజమే. కానీ నోరు తెరిచి, తల పైకి విసిరి, నడుం కిందికి జార్చి ఆగుతుంది. గుర్రం మీద ఈగ వాలితే, సరిగ్గా వాలిన చోటే చర్మం అదిరించి తోలేస్తుంది. ఈగ బరువు తెలిసే ఒంటికి మన బరువు ఎటు ఒరిగిందో తెలియదా?

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో డ్రెసాజ్ (గుర్రాన్ని చిన్న సంజ్ఞలతో నడిపించే పోటీ) జట్టు స్వర్ణం మనకి వచ్చినప్పుడు చాలామంది ఈ ఆటను మొదటిసారి చూశారు. గుర్రం ఏటవాలుగా, కాలు మీద కాలు దాటిస్తూ పోతుంటే, పైనున్న మనిషి ఊరికే కూర్చున్నట్టు కనిపిస్తారు. ఊరికే ఏమీ కూర్చోరు. చేసే పనంతా నడుములో, పిరుదుల కింది ఎముకల్లో, ఊపిరిలో జరుగుతుంది. అందుకే మొదటి విద్య కూర్చోవడం.

నేను వెళ్లిన పొలం లిస్బన్‌కి ఉత్తరాన, మాఫ్రా వైపు ఉంది. 20వ శతాబ్దపు గొప్ప రౌతుల్లో ఒకరైన నూనో ఒలివేరా తన చివరి ఏళ్లలో పాఠాలు చెప్పింది ఆ ప్రాంతంలోనే. ఆయన 1989లో పోయారు. ఆ దేశంలో ఈ విద్య వయసు చాలా ఎక్కువ: ఆల్టర్ అనే ఊళ్లో రాజుగారి గుర్రాల పెంపకశాల 1748 నాటిది, రాజుల కొలువులోని పాత స్వారీని తిరిగి నిలబెట్టిన పాఠశాల 1979లో మొదలైంది. 2024లో యునెస్కో పోర్చుగల్ అశ్వకళను మానవాళి వారసత్వంగా గుర్తించింది.

అక్కడ గురువుని మెస్త్రె అంటారు. మన ఇళ్లు కట్టే మేస్త్రీ అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. ఈ పోలిక మాటతో ఆగలేదు. మేస్త్రీ దారానికి గుండు కట్టి వదిలి, గోడ నిటారుగా ఉందో లేదో చూస్తాడు కదా? మా మెస్త్రె కూడా పక్కన నిలబడి నా చెవి, భుజం, తుంటి, మడమ ఒకే గీత మీద ఉన్నాయో లేదో చూసేవారు. నా మడమ ఎప్పుడూ ముందుకే పోయేది. కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటున్నానన్నమాట. గుర్రం మీద కూర్చోవడం మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడినట్టు ఉండాలి. కింద నుంచి గుర్రాన్ని తీసేస్తే మీరు కాళ్ల మీద నేలకి దిగాలి, వెనక్కి పడకూడదు.

ముందు ఇంట్లో చేయండి. గట్టి చెక్క కుర్చీ మీద, వెనక ఆనుకోకుండా కూర్చోండి. అరచేతులు పైకి తిప్పి పిరుదుల కింద పెట్టండి. రెండు ఎముకలు చేతుల్లో గుచ్చుకుంటాయి. నడుం ముందుకి వంపు తిప్పితే అవి వెనక్కి దొర్లుతాయి, నడుం గుండ్రంగా చేస్తే ముందుకి. రెండింటి మధ్యలో, ఎముకలు తిన్నగా కిందికి చూసే చోటు ఒకటుంది. అక్కడ ఆగి ఊపిరి పూర్తిగా వదలండి. బరువు దిగడం చేతులకి తెలుస్తుంది. ఈ చోటు కళ్లు మూసుకున్నా దొరికేదాకా రోజూ ఐదు నిమిషాలు చేయాలి. దీన్ని వదిలేసి గుర్రం దగ్గరికి వెళ్తే, నేర్చుకునే మీ బాధ పాపం దాని వీపు మోయాల్సి వస్తుంది.

ఇక లంజ్. ఏడెనిమిది మీటర్ల పొడవున్న పట్టీ ఒకటి గుర్రం ముక్కుపట్టీకి కట్టి, గురువు మధ్యలో నిలబడి దాన్ని వలయంగా తిప్పుతారు. నడిపే బాధ్యత ఆయనది. మీకు కూర్చోవడం ఒక్కటే పని. రికాబులు రెండూ జీను ముందు, మెడకి అటూ ఇటూ దాటించి పెడతారు. ఒక చెయ్యి జీను ముందున్న పట్టీ మీద, రెండోది తొడ మీద. తలకి హెల్మెట్ తప్పనిసరి. లంజ్ తిప్పడం వచ్చిన మనిషి, దానికి అలవాటుపడ్డ గుర్రం, రెండూ లేకుండా ఈ సాధన చేయవద్దు.

మొదటి రోజంతా మామూలు నడకే. నడకలో నాలుగు దెబ్బలుంటాయి, నాలుగు కాళ్లూ విడివిడిగా పడతాయి. గుర్రం ఎడమ వెనక కాలు ముందుకి వేస్తున్నప్పుడు దాని పొట్ట కుడివైపు ఊగుతుంది, మీ ఎడమ ఎముక కిందికి దిగుతుంది. దిగిన ప్రతిసారీ పైకి వినబడేలా "ఎడమ" అనాలి. నేను మొదట అన్నవన్నీ తప్పే, ముందు కాలు చూసి చెబుతున్నాను. మెస్త్రె కళ్లు మూసుకోమన్నారు. రెండు చుట్లు ఏమీ తెలియలేదు. మూడో చుట్టులో తుంటి దానంతట అది జారినట్టయింది. "ఎడమ" అన్నాను. ఆయన "అవును" అన్నారు. మళ్లీ అన్నాను, మళ్లీ అవును. ఆ మాట కోసం రెండు విమానాలు మారి వచ్చినా తప్పులేదనిపించింది. వెనక కాలు ఎప్పుడు లేస్తుందో తెలియనివాళ్లు ఎప్పుడు సంజ్ఞ ఇవ్వాలో ఎలా తెలుసుకుంటారు? నేలకి ఆనించిన కాలుని పక్కకి వెయ్యమంటే వేయలేదు. గాల్లో ఉన్న కాలే మాట వింటుంది.

రెండో రోజు ట్రాట్. రెండు దెబ్బల నడక, ఏటవాలుగా ఉన్న కాళ్లు (ఎడమ ముందుది, కుడి వెనకది) జతగా పడతాయి, మధ్యలో ఒక్క క్షణం గుర్రం గాల్లో ఉంటుంది. ఎగిరిపడేది ఇక్కడే. ఎగిరిపడగానే మోకాళ్లు బిగిస్తాం, బిగించిన కొద్దీ బట్టల క్లిప్పు నొక్కినట్టు జీను మీంచి పైకి లేస్తాం. మందు ఒక్కటే: తొడలు బరువుగా వేలాడనివ్వడం, నడుంని కదలనివ్వడం. ఎనిమిది పది అడుగులు ట్రాట్, ఒళ్లు బిగిసిందనిపించగానే నడక, మళ్లీ ఎనిమిది. పంతం పట్టి పొడుగ్గా చేస్తే బిగుసుకోవడమే అలవాటవుతుంది. తొడల చర్మం ఒరుసుకుపోయింది, మెట్లు దిగడం కష్టమైంది. అది మామూలే, రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

మూడో రోజు జరిగింది చెప్పకపోతే ఈ పాఠం అసంపూర్ణం. నా కింద ముసలి తెల్ల లూసిటానో (పోర్చుగల్ జాతి గుర్రం), ఇరవై దాటిన వయసు. పగ్గాలు ముడివేసి దాని మెడ మీద పడేసి ఉన్నాయి. నడకలో తుంటిని దానితోపాటు ఊగనిస్తున్నాను. మెస్త్రె అన్నారు: ఇప్పుడు పొడుగ్గా ఊపిరి వదులు, నడుం ఊగడం ఆపు, తొడలు కొద్దిగా దగ్గరికి తే, అంతే. వదిలాను. ఒక అడుగు వేసింది, రెండో అడుగు సగంలో ఆగింది. నాలుగు కాళ్లూ చతురస్రంగా పెట్టి, చెవి ఒకటి నా వైపు తిప్పింది. ఎవరూ దేన్నీ లాగలేదు. కాసేపు నేను మాట్లాడలేకపోయాను, దాని జూలులో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

మన సామెతలోని మెత్తదనం అలసత్వం. ఇక్కడ నేర్పేది మరో మెత్తదనం, లేత వెదురులాంటిది. వంగుతుంది, నిలబడుతుంది. నా నడుం గట్టిబడ్డ రోజే గుర్రం అడుగు కుదించి, ఒక కాలు దాచుకున్నట్టు నడిచింది.

వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. మీ స్థాయి, మీ బరువు నిజం రాయండి, దాన్ని బట్టే గుర్రాన్ని ఎంచుతారు. రోజుకి రెండు పాఠాలు, ఒక్కొక్కటి అరగంట నుంచి ముప్పావుగంట వరకు. అంతకుమించి ఒళ్లు తీసుకోదు. సొంత హెల్మెట్, చేతి తొడుగులు, లోపలి కుట్టు లేని స్వారీ ప్యాంటు పట్టుకెళ్లండి. ఖాళీ సమయంలో గదిలో పడుకోకండి. ప్రాంగణం గోడ పక్కన కూర్చుని మిగతావాళ్ల పాఠాలు చూడండి. వేరేవాళ్ల మడమ ముందుకి పోవడం చూశాకే నా మడమ సంగతి నాకు అర్థమైంది.

వచ్చే భాగంలో పగ్గాలు చేతికి తీసుకుని, గుర్రం భుజం లోపలికి తెచ్చే నడక మొదలుపెడదాం. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో లా గెరినియేర్ అనే స్వారీ గురువు దీనికి రూపమిచ్చాడు. అప్పటిదాకా కుర్చీ సాధన ఆపకండి. గుర్రం అందుబాటులో ఉన్నవాళ్లు ప్రతి పాఠం మొదట్లో పది నిమిషాలు రికాబులు తీసేసి, కళ్లు మూసుకుని, వెనక కాలు లెక్కపెట్టండి. పక్కన ఒకరు నిలబడి సరిచూడాలి. వరసగా ఇరవై సార్లు తప్పకుండా చెప్పగలిగిన రోజు తారీఖు మీ పుస్తకంలో రాసుకోండి.