వాన నీళ్లకు దారి వదిలాక

మునుగోడు దగ్గర మా ఊళ్లో ఇల్లు కట్టినప్పుడు చేసిన పెద్ద తప్పు, చెలకల నుంచి చెరువులోకి వాన నీళ్లు పోయే దారికి అడ్డంగా ప్రహరీ లేపడం. గట్టి వాన పడితే నీళ్లు గడప దాకా వచ్చేవి, రాత్రంతా టెన్షన్. మోటారు పెట్టి తోడినా లాభం లేదు. చివరికి ఎగువన, దిగువన గోడ అడుగున కంతలు కొట్టించి, మధ్యలో కాలువ తీయించి అంచులకు రాళ్లు పేర్పించాను. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి స్లాబు నీళ్లను వేరుగా సంపులోకి మళ్లించాం. 100 చదరపు మీటర్ల స్లాబు మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 2,000 లీటర్లు! మొదటి వాన మాత్రం బయటికి వదిలేయాలి, పైపు మూత తీస్తే దుమ్ము, వేపాకులు, పిట్టల రెట్టలు అన్నీ కొట్టుకొస్తాయి. మొన్నటి వానకు కాలువ నిండుగా పారింది, గడప తడవలేదు.