ఆయాసానికి ఛాతీ సీటీ తీయించే ముందు ఇవి చూస్కోండి

పర్లాకిమిడి, రాయగడ వైపు మనోళ్లు ఆయాసం అనగానే బరంపురమో శ్రీకాకుళమో వెళ్లి నేరుగా స్కాన్ తీయించేస్తున్నారు. ముందు స్పైరోమెట్రీ అయిందా అని అడగండి. సీఓపీడీని (గాలి గొట్టాలు ఇరుకైపోయి ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బుని) తేల్చేది ఆ ఊదే టెస్టే, ఎక్స్‌రే నార్మల్ వచ్చినా జబ్బు ఉండొచ్చు. సీటీలో ఎంఫిసీమా (ఊపిరితిత్తుల్లో గాలి తిత్తులు పాడైపోవడం) ఎక్కడెంత ఉందో, గాలి గొట్టాలు సాగిపోయాయో లేదో తెలుస్తుంది.

పాత ఫిల్ములు, సీడీలు అన్నీ పట్టుకెళ్లండి. ఎప్పుడైనా టీబీ మందులు వాడితే చెప్పేయండి, పాత మచ్చల్ని కొత్త జబ్బనుకునే ప్రమాదం ఉంది. బీడీ, చుట్టతో పాటు మన ముసలమ్మల అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం), కట్టెల పొయ్యి పొగ కూడా చెప్పాలి, ఇవి ఎవరూ అడగరు, మనమే చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఊపిరి. నిండా పీల్చి బిగబట్టాలి, కొన్నిసార్లు పూర్తిగా వదిలేసి కూడా ఆపమంటారు, గాలి లోపల ఇరుక్కుపోతోందా చూడ్డానికి. మెషిన్‌లో చెప్పే మాట ఒడియాలోనో హిందీలోనో వస్తే పెద్దవాళ్లకి అర్థంకాక మధ్యలో ఊపిరి తీసేస్తారు, బొమ్మ అలుక్కుపోద్ది, అందుకే ముందే టెక్నీషియన్‌ని అడిగి ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి.

పడుకుంటే ఆయాసం వస్తే ముందే చెప్పాలి. ఇన్‌హేలర్ మీ అంతట మీరు ఆపొద్దు. గొలుసులు తీసేయండి. కడుపుతో ఉంటే తప్పక చెప్పాలి. దీనికి మామూలుగా కాంట్రాస్ట్ (నరానికి ఎక్కించే రంగు మందు) అక్కర్లేదు, ఇస్తామంటే మాత్రం కిడ్నీ జబ్బు, మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) సంగతి చెప్పండి.

మామూలు సీటీ రేడియేషన్ ఎక్స్‌రే కన్నా పదుల రెట్లు ఎక్కువ, డాక్టర్ చెప్పకుండా మళ్లీమళ్లీ తీయించొద్దు.