కొత్త ఫోన్‌లో ఏ ఫీచర్ ఉంచాలి, ఏది ఆపాలి

కొత్త ఫోన్ కొన్న మొదటి నాలుగైదు రోజులు బ్యాటరీ మీద తీర్పు చెప్పకండి. పాత ఫోన్ నుంచి వచ్చిన ఫొటోలు, యాప్‌లు, బ్యాకప్‌లు అప్పటికింకా వెనకాల సర్దుకుంటూనే ఉంటాయి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో బ్యాటరీ యూసేజ్ తెరిచి, ఎక్కువ తినేస్తున్నది ఏదో చూడండి. అది చూడకుండా కనబడిన స్విచ్ అల్లా ఆపేస్తే అంత డబ్బు పోసి ఫోన్ కొన్నందుకు ఫలితం ఉండదు. ఏది మార్చినా ఒక్కసారికి ఒక్కటే మార్చి, రెండు రోజులు వాడి చూడండి.

చాలామందికి మొదటి స్థానం స్క్రీన్‌దే. ఎల్‌టీపీవో ప్యానెల్ అనే రకం తెర ఉన్న ఖరీదైన ఫోన్లలో బొమ్మ కదలనప్పుడు రిఫ్రెష్ రేట్ (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మారుస్తుందో ఆ లెక్క) 1 లేదా 10 హెర్ట్జ్ దాకా దానంతటదే దిగిపోతుంది. వాటిలో 120 హెర్ట్జ్‌ను అడాప్టివ్‌లో ఉంచేయండి, భయం లేదు. తక్కువ ధర ఫోన్లు అంత కిందికి దిగలేవు. వాట్సాప్, యూట్యూబ్ వరకే వాడేవాళ్లకు 60 చాలు. ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే గడియారం రోజంతా వెలగనక్కర్లేదు, తాకినప్పుడు మాత్రమే కనిపించేలా పెట్టుకోండి.

డార్క్ మోడ్ మీద ఆశలు ఎక్కువే. ఎల్‌సీడీ తెరలో బ్యాక్‌లైట్ ఎలాగూ వెలుగుతుంది కాబట్టి లాభం శూన్యం. ఓఎల్‌ఈడీ తెరలో నల్లటి చోట వెలుగే ఉండదు కాబట్టి కొంత ఆదా ఉంటుంది. అలాంటి ఫోన్లపై అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ 2021లో చేసిన పరీక్షల్లో, బ్రైట్‌నెస్ 30-50 శాతం ఉన్నప్పుడు సగటున ఆదా అయింది 3 నుంచి 9 శాతమే. పూర్తి బ్రైట్‌నెస్‌లో మాత్రం 39 నుంచి 47 శాతం. అంటే ఇంట్లో కూర్చున్నప్పుడు డార్క్ మోడ్ కంటికి నచ్చితే పెట్టుకోండి, బ్యాటరీ కోసమైతే వద్దు.

అసలు చిక్కు 5జీతో. ఎన్‌ఎస్‌ఏ పద్ధతి నెట్‌వర్క్‌లో, అంటే 4జీ ఆసరాతో నడిచే 5జీలో, ఫోన్ 4జీ, 5జీ రెండింటినీ ఒకేసారి పట్టుకుని ఉంటుంది. సిగ్నల్ ఒక గీతకు పడిపోతే టవర్‌ను అందుకోవడానికి ఇంకా గట్టిగా ప్రసారం చేయాలి, లేదా 4జీకీ 5జీకీ మధ్య ఊగిసలాడుతుంది. సెల్లార్లలో, రైల్లో, ఊరి చివర జేబులో ఉన్న ఫోన్ వేడెక్కేది ఇందుకే. అలాంటి చోట మొబైల్ నెట్‌వర్క్‌లోకి వెళ్లి ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్‌ను 4జీకి మార్చండి. ఒక్క జాగ్రత్త: అన్‌లిమిటెడ్ 5జీ ప్లాన్ అయినా, 4జీలో వాడిన డేటా రోజువారీ కోటాలోంచి పోతుంది. రెండో సిమ్‌కు సిగ్నల్ సరిగా లేకపోతే అదీ వెతుకుతూనే ఉంటుంది. బ్యాంకు ఓటీపీలు వచ్చే నంబర్ అది కాకపోతే ఆ సిమ్‌ను ఆపేయండి.

వెనకాల నడిచే యాప్‌ల సంగతి ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న అడాప్టివ్ బ్యాటరీ చాలావరకు చూసుకుంటుంది. షాపింగ్ యాప్‌లు, గేమ్‌లను వాటి బ్యాటరీ సెట్టింగ్‌లో రిస్ట్రిక్టెడ్‌లో (వెనకాల నడవకుండా) పడేయండి. వాట్సాప్‌ను పెట్టొద్దు, మెసేజ్‌లు ఆలస్యంగా వస్తాయి. లొకేషన్ అనుమతి యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే ఇవ్వండి. రీసెంట్స్‌లోంచి యాప్‌లన్నీ తుడిచేసే అలవాటు వల్ల ఒరిగేదేమీ లేదు. మళ్లీ మొదటి నుంచి తెరవడానికి ఇంకాస్త ఖర్చవుతుంది.

వేసవిలో అసలు శత్రువు వేడి. ఐఫోన్‌కు ఆపిల్ చెప్పే పరిసర ఉష్ణోగ్రత గరిష్ఠంగా 35 డిగ్రీలు. మన దగ్గర మే నెలలో 40 దాటడం మామూలే. బైక్ హోల్డర్‌లో ఎండకు పెట్టి మ్యాప్స్, పూర్తి బ్రైట్‌నెస్, ఛార్జింగ్ మూడూ కలిపితే ఫోన్ తెరను మసకబార్చి, ఛార్జింగ్ నెమ్మదింపజేస్తుంది. కేస్ తీసేయండి, మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌కు డౌన్‌లోడ్ చేసుకోండి. రాత్రంతా ఛార్జర్‌కే వదిలేసేవాళ్లు 80 శాతం పరిమితి సెట్టింగ్ ఆన్ చేయండి. ఐఫోన్ 15 నుంచి ఇది ఉంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ దొరుకుతుంది.

ఇవన్నీ చేశాక కూడా మధ్యాహ్నానికే ఖాళీ అవుతుంటే బ్యాటరీ హెల్త్, అంటే కొత్తప్పటితో పోలిస్తే బ్యాటరీ ఇప్పుడెంత ఛార్జ్ పట్టగలదో, చూడండి. 80 శాతం కంటే తగ్గితే సెట్టింగ్‌లతో పని కాదు, బ్యాటరీ మార్పించుకోవాలి. వెనక కవర్ ఉబ్బి పైకి లేస్తే మాత్రం ఛార్జింగ్ వెంటనే మానేసి, నేరుగా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.