వానల్లో తలుపు పట్టేస్తోందా? చిత్రిక పట్టేముందు ఇవి చూడండి

కాలువలకు నీళ్లొచ్చి, నాలుగు ముసుర్లు పట్టేసరికి కోనసీమలో చాలా తలుపులు భుజంతో నెడితే గానీ తెరుచుకోవు. వెంటనే వడ్రంగికి ఫోన్. ఆగండి. ముందు ఎక్కడ రాసుకుంటోందో చూడండి.

తాళం వైపు కింది మూల గచ్చును గీరుతుంటే, లేదా పై మూల ఒక్కటే గుమ్మానికి తగులుతుంటే అది చెమ్మ కాదు, పై బందు (మడత కీలు) జారింది. రెక్కను పైకెత్తితే బందు దగ్గర కదులుతుంది. స్క్రూ బిగించండి. రంధ్రం వదులైతే టేకు పుల్లకు జిగురు రాసి దిగ్గొట్టి, ఆరాక బిగించండి. అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఇనప స్క్రూలు నిలవవు, స్టెయిన్‌లెస్ స్టీలువి వేయండి. ఈ రెండు నిమిషాల పని మానేసి చిత్రిక పట్టించేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

తాళం వైపు అంచు పొడుగునా బిగుస్తుంటే మాత్రం కర్ర ఉబ్బినట్టే. కర్ర ఉబ్బేది అడ్డంగానే, పొడవులో దాదాపు ఏమీ ఉండదు. పచ్చి టేకు పూర్తిగా ఆరితే కోతను బట్టి అడ్డంగా 5-6 శాతం దాకా తగ్గుతుంది. తేమ తగిలితే మళ్లీ సాగుతుంది.

"పెయింట్ వేయించాం కదండీ, చెమ్మ ఎలా దూరుతుంది?" అంటారు. స్టూలెక్కి తలుపు పై అంచు మీద వేలు రాయండి. గరుగ్గా పచ్చి చెక్క తగులుతుంది. కింద అద్దం ముక్క పెట్టి చూడండి, అక్కడా అంతే. ముందూ వెనకా నిగనిగలాడించిన పెయింటరు, కంటికి ఆనని ఈ రెండు అంచులూ వదిలేస్తాడు. నిలువు చట్రాల కొనలు ఉండేది సరిగ్గా అక్కడే. చెట్టులో నీరు పైకెక్కిన సన్నటి గొట్టాలు ఆ కొనల్లో నోరు తెరుచుకుని ఉంటాయి. గచ్చు కడిగినప్పుడల్లా, జల్లు కొట్టినప్పుడల్లా తాగుతూనే ఉంటాయి. ముఖానికి ఎన్ని కోట్లు వేసినా దండగే.

శ్రావణంలో చిత్రిక పడితే మాఘానికి కర్ర ఆరి, సందులో బల్లి దూరుతుంది. ఇప్పటికి అంచుకు సుద్ద పూసి తలుపు మూయండి. చెరిగినచోట కొవ్వొత్తి రుద్ది నెట్టుకురండి. ఎండలు ముదిరాక రెక్క ఊడదీసి, పై, కింది అంచులతోపాటు తాళం గాడి, బందుల గాళ్లు కూడా ఉప్పుకాగితంతో రుద్ది ప్రైమరు పట్టించండి. కొనలు మొదటి కోటును తాగేస్తాయి కాబట్టి ఆరాక ఇంకో కోటు, ఆపైన పెయింట్ రెండు కోట్లు. తర్వాతి వానల్లోనూ పట్టేస్తే అప్పుడు చిత్రిక, తీసినచోట ఆ రోజే రంగు.

పునాది కుంగి తలుపు పట్టేయడం అరుదు, గోడ పగలకపోతే దాని గురించి టెన్షన్ వద్దు. చెద పట్టినా తలుపు బిగుసుకోవచ్చు, అప్పుడు తడితే డొల్లగా మోగుతుంది.